మూడో పంపూ, రెండువందల యాభై ఆరు కిటికీలూ

పొద్దున మీటర్ రీడర్ స్కూటర్ తీస్తుంటే అక్క గేటు దాకా వచ్చి, బావ వినకుండా గొంతు తగ్గించి చెప్పింది. “ఒరేయ్, ఈ ఒక్క రోజుకి మీ బావ నోరు కాస్త కనిపెట్టుకుని ఉండరా. సాయంత్రం దాకా చాలు. ఆ తర్వాత ఎన్ని కోతలు కోసినా నేను పడతాను.”

మీటర్ రీడర్ సరేనని తల ఊపేశాడు. ఊపాక భయం వేసింది. బావ నోటికి కాపలా అంటే పగిలిన పైపుకి గుడ్డపీలిక చుట్టి చేత్తో అదిమి పట్టుకోవడమేనని అతనికి ఇరవై ఏళ్ళుగా తెలుసు.

బావ, మీటర్ రీడర్ ఇద్దరిదీ నీటి సరఫరా ఆఫీసులోనే పని. బావ వాల్వు ఆపరేటర్. ఇరవై ఏడేళ్ళుగా ఇనప చక్రాలు తిప్పి తిప్పి ఆయన అరచేతులు చెక్కలా అయిపోయాయి. గొట్టం మీద చెయ్యి ఆనించి లోపల ఒత్తిడి ఎంతో చెప్పేస్తాడని అందరూ ప్రెషర్ బాబాయ్ అంటారు. ఆ పేరు గొట్టాల వల్లే వచ్చిందని ఆయన నమ్మకం. మాటల వల్ల వచ్చిందని మిగతావాళ్ళ నమ్మకం.

పోయిన నెల ఆ చక్రాలన్నిటికీ మోటార్లు బిగించారు. ఇకమీదట ఎండలో తిరగక్కర్లేదు, కంట్రోల్ రూములో కూర్చుని కంప్యూటర్లో నల్లటి తెర మీద ఆజ్ఞ రాస్తే చాలు, పంపులూ వాల్వులూ వింటాయన్నారు. మూడు రోజులు శిక్షణ కూడా ఇచ్చారు. అంతా బాగానే ఉంది కానీ, కంట్రోల్ రూములో కుర్చీ ఒక్కటే. అది రానివాళ్ళు గోడౌన్‌కి వెళ్ళి పాత పైపులకి కాపలా కూర్చోవాలి. ఎవరిని ఎక్కడ వెయ్యాలో తేల్చడానికి హెడ్డాఫీసు నుంచి కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. ఆ రోజు సాయంత్రమే కాగితం మీద సంతకం.

ఈ వారం పది రోజులుగా బావకి అన్నం సయించడం లేదని అక్క చెప్పింది. పైకి మాత్రం ఆయన ఆ కుర్చీ తన కోసమే చేయించారన్నట్టు తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం దాకా మీటర్ రీడర్ బాగానే నెట్టుకొచ్చాడు. బావ నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక పని చెప్పి పక్కకి తీసుకెళ్ళాడు. కానీ భోజనాలయ్యాక టీ తాగకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. ఆఫీసు గేటుకి ఎదురుగా రేకుల కప్పు కింద టీ కొట్టు. రెండు బల్లలు, ఒక స్టవ్వు, కొట్టు నడిపే ఆవిడ. పైపులు బిగించే ఫిట్టర్ అప్పటికే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. రెండో బల్ల చివర కొత్త ఇంజనీరమ్మ ఒక్కర్తే కూర్చుని, బిస్కెట్టు టీలో ముంచుకుని తింటోంది.

ఆమెని చూడగానే మీటర్ రీడర్ గుండె జారింది. ఆమెని చూడగానే బావ ఛాతీ పొంగింది.

“నమస్కారం మేడమ్,” అని, ఆమెకి కనపడేటట్టు, వినపడేటట్టు, ఫిట్టర్ ఎదురుగా చతికిలబడ్డాడు బావ. “చెల్లెమ్మా, స్ట్రాంగుగా ఒకటి. పొద్దున్నుంచీ కిటికీలు తెరిచీ మూసీ వేళ్ళు పట్టేశాయి.”

“కంట్రోల్ రూముకి కిటికీల్లేవు కదా బాబాయ్,” అన్నాడు ఫిట్టర్.

“బావా, టీ చల్లారిపోతుంది,” అన్నాడు మీటర్ రీడర్.

“ఇంకా ఇవ్వందే,” అంది కొట్టావిడ.

ఇంక లాభం లేదు. బావ ఒక కాలు మడిచి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ కాలు బల్ల మీదకి వచ్చిందంటే అరగంటకి తక్కువ దిగదు.

“ఆ కిటికీలు కాదురా పిచ్చివాడా, తెరలో కిటికీలు. టెర్మినల్ అంటే ఏంటి? నల్ల పలక. బొమ్మలుండవు, రంగులుండవు, మౌసుతో పన్లేదు. నువ్వు రాస్తావు, అది చేస్తుంది. అయితే ఇదివరకు ఒక పలక మీద ఒకటే పని. రెండో పని చూడాలంటే ఇంకో పలక తెరవాలి. లేదూ, ఒకే పలకని గదులు గదులుగా కొయ్యాలంటే దానికి వేరే ప్రోగ్రామ్ తెచ్చిపెట్టుకోవాలి. ఆ రెండిటికీ పడక అవి కొట్టుకుంటుంటే మధ్యలో నువ్వు కూర్చుని సర్దిచెప్పాలి. ఇప్పుడు మన ఆఫీసుకి వచ్చినదానికి ఆ బాధ లేదు. గదులు కోసే విద్య దాని కడుపులోనే ఉంది. మల్టీప్లెక్సర్ అంటారు.”

“అందులో సినిమాలు కూడా వస్తాయా?” అంది కొట్టావిడ గ్లాసు అందిస్తూ.

“అది మల్టీప్లెక్సు చెల్లెమ్మా. ఇది మల్టీప్లెక్సర్. అక్కడ బొమ్మని నువ్వు చూస్తావు, ఇక్కడ బొమ్మ నిన్ను చూస్తుంది.”

ఇంజనీరమ్మ తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ బిస్కెట్టు మీదకి దృష్టి మళ్ళించింది. ఆ ఒక్క చూపు చాలు. బావకి ఇంజను అందుకుంది.

“మొన్న మంగళవారం, శిక్షణ అయిపోయిన మర్నాడు. పొద్దున పదిన్నరకి నేనొక్కణ్ణే కంట్రోల్ రూములో కూర్చున్నాను. ముందు తెరని రెండుగా కోశాను. ఇటు పక్క ఒకటో పంపు, అటు పక్క రెండో పంపు. ఇక్కడ అంకెలు పరిగెడుతుంటే అక్కడా పరిగెడుతున్నాయి. మా ఆవిడ ఒక పొయ్యి మీద పాలు, ఒక పొయ్యి మీద నీళ్ళు పెట్టినట్టు, రెండిటి మీదా ఒకే కన్ను.”

ఇందులో అబద్ధమేమీ లేదు. మీటర్ రీడర్ కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఇక్కడితో ఆగితే అక్కకి ఇచ్చిన మాట నిలబడినట్టే.

“బాగుంది బావా. ఇంక పద, మూడో వార్డు మీటర్లు—”

“కూర్చోవోయ్. రెండు బాగున్నాయి కదా అని నాలుగు చేశాను. నాలుగు పంపులు, నాలుగు కిటికీలు. మరి ట్యాంకుల సంగతో? ఎనిమిది చేశాను. ట్యాంకులున్నాక వాల్వులుండవా? పదహారు. వీధికొకటి చొప్పున ముప్పై రెండు. అక్షరాలు ఎంత చిన్నవైపోయాయంటే, ఒక చీమ తెర మీద అడ్డంగా వెళ్తుంటే అదొక లైను అనుకుని చదివేశాను.”

“ఏముంది దాన్లో?” అన్నాడు ఫిట్టర్.

“ఆరో నంబరు వాల్వులో లీకు అని ఉంది. వెళ్ళి చూస్తే నిజమే.”

కొట్టావిడ స్టవ్వు సన్నం చేసి, ఇటు తిరిగి కూర్చుంది. మీటర్ రీడర్ గ్లాసులోకి చూసుకుంటూ ఉండిపోయాడు.

“అరవై నాలుగు దాటాక మామూలు కన్ను చాల్లేదు. గడియారాలు బాగుచేసే ఆయన కంటికి బిగించుకునే భూతద్దం ఉంటుంది చూడు, అది అడిగి తెచ్చుకున్నాను. నూట ఇరవై ఎనిమిది. రెండువందల యాభై ఆరు. ఊళ్ళో ఒక్కో కుళాయికి ఒక్కో కిటికీ. ఎవరింట్లో ఎవరు మొహం కడుక్కుంటున్నారో నాకు తెలుస్తోంది. ఇన్ని కిటికీల బరువుకి ఏమైందో తెలుసా? బల్ల కాలు వంగింది. నువ్వే కదరా ఫిట్టరూ, ఆ వేళ వచ్చి కింద ఇటుక పెట్టావు?”

“ఆ బల్ల కాలు పోయిన ఏడాదే—” అన్నాడు ఫిట్టర్.

“అదే, అప్పట్నుంచీ వంగడానికి కాచుకుని ఉంది. సరే, ఇంతలో టీ వేళయింది. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? ఇన్ని కిటికీలు వదిలి ఎలా వెళ్ళడమని టీ మానుకుంటాడు. నేను మానుకోలేదు. దీన్లో ఉన్న గొప్పతనం అదే. డిటాచ్ అని ఉంటుంది. అంటే విడదీసుకోవడం. నువ్వు లేచి వెళ్ళిపోయినా లోపల పని ఆగదు, దానిపాటికది నడుస్తూనే ఉంటుంది. తిరిగొచ్చి అటాచ్ అన్నావంటే ఎక్కడ వదిలావో అక్కడే కనపడుతుంది. నేను విడదీసుకుని బయటికొచ్చి టీ తాగాను. అంతా నడుస్తోంది. అనుమానం వచ్చి తెర ఆపేశాను. నడుస్తోంది. ప్లగ్గు పీకేశాను. నడుస్తోంది. దుమ్ము దులపాలని కంప్యూటర్ పెట్టె ఎత్తుకుని బయట పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“నడుస్తోంది,” అన్నాడు ఫిట్టర్.

“గాల్లో. పెట్టె లేదు, తెర లేదు. బల్లకి జానెడు పైన రెండువందల యాభై ఆరు కిటికీలు వేలాడుతూ మిణుకు మిణుకుమంటున్నాయి. ఊడ్చే ఆవిడ వచ్చి అదేదో దండెం అనుకుని తడిగుడ్డ ఆరేసిపోయింది. సాయంత్రానికి గుడ్డ ఆరింది కూడా. కావాలంటే మా బావమరిదిని అడుగు, వాడున్నాడు.”

ముగ్గురూ మీటర్ రీడర్ వైపు తిరిగారు. మూడో మనిషి ఇంజనీరమ్మ. ఆమె బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి గ్లాసు మీద ఆగిపోయింది.

మంగళవారం అతను ఊరికి అవతలి చివర మీటర్లు చూస్తున్నాడు. ఆ మాట చెప్తే బావ పరువు పోతుంది. చెప్పకపోతే తన పరువు పోతుంది.

“గుడ్డ అయితే ఆరింది,” అన్నాడు నెమ్మదిగా. గుడ్డలు ఎక్కడైనా ఆరతాయి కదా అని తనకి తాను చెప్పుకున్నాడు.

“విన్నారా,” అన్నాడు బావ. “ఇంక ఆ రోజు నుంచీ నాకు ఆఫీసు అంటూ ఒక చోటు లేదు. ఇంట్లో కూర్చుని అటాచ్. మేడ మీద కూర్చుని అటాచ్. క్షవరం చేయించుకుంటుంటే ఎదురుగా అద్దంలో అటాచ్. అద్దంలో కదా, అక్షరాలన్నీ తిరగబడి కనపడ్డాయి. నేనూ తిరగేసి రాశాను. ఒకటో పంపు నీళ్ళు తోడటం మానేసి, కుళాయిల్లో నీళ్ళు వెనక్కి లాక్కోవడం మొదలెట్టింది. ఒకాయన బకెట్టు పెట్టుకుని నిలబడితే బకెట్టు ఖాళీ అయిపోయింది. క్షమించమని ఫోను చేసి, అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాను.”

“అప్పుడు కనపడదు కదా అన్నయ్యా,” అంది కొట్టావిడ.

“వీపుకి కనపడుతుందమ్మా, ఇరవై ఏడేళ్ళ సర్వీసు.”

ఫిట్టర్‌కి పొలమారింది. వీపు మీద రెండు చరుపులు చరిచి బావ కథ అందుకున్నాడు. ఇప్పుడు ఆయన ఇంజనీరమ్మ వైపు చూడటం కూడా మానేశాడు. మీటర్ రీడర్‌కి ఇది తెలిసిన సంగతే. మొదట ఎవరి కోసమో మొదలుపెడతాడు. కాసేపటికి ఎవరూ అక్కర్లేదు, కథకి కథే దారి చూపిస్తూ ఉంటుంది, ఈయన వెనకాల చేతులు ఊపుకుంటూ పోతాడు. మొహం మీద ముడతలు పోయి పదేళ్ళ వయసు తగ్గుతుంది. అక్క ఇన్నేళ్ళు ఎలా పడుతోందో అలాంటప్పుడే అతనికి కాస్త అర్థమవుతుంది.

“అసలు ప్రమాదం ఎక్కడొచ్చిందంటే, కిటికీ కోసే మీట ఒకటుంటుంది. అది నొక్కేటప్పుడు తెర మీదే చూపుండాలి. నేను పొరపాటున, అప్పుడే లోపలికొచ్చిన మన ఆఫీసు సూపర్నెంటు గారి వైపు చూస్తూ నొక్కాను.”

“అయ్యో,” అంది కొట్టావిడ.

“నిలువునా రెండు. రక్తం లేదు, గాయం లేదు, నీటుగా, మధ్యలో సన్నటి గీత. ఎడమ సగం ఆ కుర్చీలో, కుడి సగం ఈ కుర్చీలో. సరే అయిందేదో అయింది, ఎలాగూ ఎదురుగా ఉన్నారు కదా అని రెండు రోజులు సెలవు అడిగాను. ఎడమ సగం ఇచ్చింది. కుడి సగం ఇవ్వలేదు.”

“మరేం చేశావు బాబాయ్?”

“ఒక్క రోజు తీసుకున్నాను.”

ఫిట్టర్ గ్లాసు కింద పెట్టేసి, పొట్ట పట్టుకుని బల్ల మీదకి వంగిపోయాడు. ఇంజనీరమ్మ చున్నీతో మూతి తుడుచుకుంది. తుడవాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపే తుడుచుకుంది.

“బావా, సూపర్నెంటు గారు వింటే బాగుండదు,” అన్నాడు మీటర్ రీడర్. అది బతిమాలడమే.

“ఏ చెవితో వింటార్రా? సరే, మళ్ళీ కలిపేశాను, ఆయన జుట్టులో మూడో వంతు తప్పిపోయింది అంతే, రోజూ చూస్తున్నారుగా. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అసలు కథ ఆ మంగళవారమే మొదలైంది. పదకొండు గంటలకి మూడో పంపు.”

ఇక్కడ ఆయన గొంతు ఒక్క క్షణం తడబడింది. మిగతా ఎవరికీ తెలియలేదు. మీటర్ రీడర్‌కి తెలిసింది.

“మూడో పంపులో ఒత్తిడి ఆరుండాలి. ఏడైంది. తొమ్మిదైంది. నేను రెప్ప వేసేలోపు తొంభై, రెప్ప తీసేలోపు తొమ్మిదివందలు. గొట్టాలు వీధుల్లో పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. మూడో అంతస్తులో ఒక పెద్దాయన షవరు తిప్పితే, ఆ నీళ్ళ మీద తేలి కప్పుకి ఆనుకుని, సబ్బు అక్కణ్ణుంచే అడుగుతున్నాడు. ఇంకో రెండు నిమిషాలైతే ఊరు ఊరంతా గొట్టాల మీద లేచి నిలబడేది. అప్పుడు నేనేం చేశానో తెలుసా?”

ఫిట్టర్ తల అడ్డంగా ఊపాడు.

“కుర్చీలోంచి కదల్లేదు. ఒక్క అంగుళం కదల్లేదు. ఈ టెర్మినల్లో ఇంకో గుణముంది. ఒకసారి రాస్తే అన్ని కిటికీల్లోనూ ఒకేసారి పడేటట్టు పెట్టుకోవచ్చు. పెట్టాను. రెండువందల యాభై ఆరు కిటికీల్లోనూ ఒకే ఒక్క మాట రాసి, ఎంటర్ కొట్టాను. పంపులన్నీ తల వంచాయి. నీళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకావిడ చెంబు వంచి మొక్కకి నీళ్ళు పోస్తుంటే ఆ ధార కూడా సగంలో ఆగింది, చెంబుకీ మొక్కకీ మధ్యలో, గాజు కడ్డీలా. అంతా సద్దుమణిగాక అదే మాట ఇంకోసారి రాశాను. కిటికీలన్నీ ఒక్క దెబ్బకి మూసుకున్నాయి.”

“ఏం మాట బాబాయ్ అది?”

“అది చెప్పకూడదు.” బావ టీ అడుగు దాకా పీల్చి గ్లాసు పక్కన పెట్టాడు. “ఉద్యోగ రహస్యం. కంట్రోల్ రూములో కూర్చున్నవాడికే తెలియాలి.”

మీటర్ రీడర్ ఓరకంట ఇంజనీరమ్మని చూశాడు. ఆమె గ్లాసు కొట్టావిడకి ఇచ్చేసి, చున్నీ భుజం మీద సర్దుకుని, వచ్చి వీళ్ళ బల్ల మీదే ఓ పక్కగా కూర్చుంది. బావ కాలు దానంతటదే కిందకి దిగింది.

“చాలా బాగా చెప్పారు ఆపరేటర్ గారూ,” అంది. “డిటాచ్, అటాచ్ గురించి మా శిక్షకుడు కూడా అంత తేలిగ్గా చెప్పలేదు. ఒక్క విషయం మాత్రం వదిలేశారు.”

“ఏంటి మేడమ్?”

“ఒకే సెషన్‌కి ఇద్దరు అటాచ్ అవ్వచ్చు. ఇక్కడ మీరు చూస్తున్నదే, అక్కడ ఇంకొకరు కూడా చూడచ్చు. అక్షరం అక్షరం. శిక్షణ ఎలా సాగిందో చూద్దామని మంగళవారం పొద్దున నేను హెడ్డాఫీసు నుంచి అటాచ్ అయి ఉన్నాను. పదిన్నర నుంచి.”

మీటర్ రీడర్ కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళ ముందు అక్క గేటు పట్టుకుని నిలబడి ఉంది.

“మొదట రెండు కిటికీలు కోశారు, నిజమే,” అంది ఇంజనీరమ్మ. ఆమె గొంతులో వెటకారం లేదు. “తర్వాత ఒకటి మూద్దామనుకున్నారు. మూసే మీట బదులు కోసే మీట నొక్కారు. మూడైంది. మూడోది మూద్దామని నొక్కారు. నాలుగైంది. అలా నలభై ఒకటి దాకా వెళ్ళారు. రెండువందల యాభై ఆరు కాదు, నేను లెక్కపెట్టాను.”

ఫిట్టర్ బావ మొహం చూసి, నవ్వబోయి ఆగిపోయాడు.

“పదకొండు గంటల ఆరు నిమిషాలకి మీ టైపింగు ఆగిపోయింది. పదకొండూ పదికి మూడో పంపు వాల్వు మూసుకుంది. మోటారుతో కాదు, చక్రం చేత్తో తిప్పినట్టు నమోదైంది. కంట్రోల్ రూము నుంచి మూడో పంపు దాకా నేను నిన్న నడిచి చూశాను. నాకు పదకొండు నిమిషాలు పట్టింది. మీకు నాలుగు.”

బావ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక అరచేతిని ఇంకో చేత్తో రాస్తున్నాడు. మంగళవారం సాయంత్రం ఆయన కుంటుతూ ఇంటికి రావడం, ఏమైందని అడిగితే మెట్టు తగిలిందని చెప్పడం మీటర్ రీడర్‌కి గుర్తొచ్చింది. ఇంత పెద్ద పని చేసి, దాన్ని ఒక్క ముక్క కూడా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. కొత్త యంత్రం ముందు కూర్చోబెడితే లేచి పరిగెత్తాడని తెలిస్తే గోడౌన్‌కి పంపేస్తారని కాబోలు.

“నేను అడగాలనుకున్నది అది కాదు,” అంది ఆమె. “పదకొండూ ఆరుకి తెర మీద మూడో పంపు అంకె ఇంకా ఆరే. అది పెరగడం పదకొండూ ఏడుకి మొదలైంది. నిమిషం ముందే మీరు లేచి పరిగెత్తారు. మీకెలా తెలిసింది?”

బావ తలెత్తాడు. ఆయన ఏం కోస్తాడోనని మీటర్ రీడర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

“చప్పుడు మారింది మేడమ్,” అన్నాడు బావ. “కంట్రోల్ రూము గోడలోంచి మూడో పంపు గొట్టం వెళ్తుంది. దాని గొంతు మారింది. అంతే.”

అంతకుమించి ఒక్క మాట కూడా కలపలేదు. ఆయన నోట అంత చిన్న జవాబు వినడం మీటర్ రీడర్‌కి అదే మొదటిసారి.

ఇంజనీరమ్మ తల ఊపింది. “హెడ్డాఫీసులో మేం నలుగురం తెర ముందున్నాం. అంకె ఎర్రబడే దాకా ఒక్కరం కూడా చూడలేదు. అప్పటికి మీరు చక్రం దగ్గరున్నారు. ఆ గొట్టం పగిలి ఉంటే సగం ఊరికి వారం రోజులు నీళ్ళుండేవి కాదు. కంట్రోల్ రూము కాగితం మీద మీ పేరు పొద్దునే రాసేశాను. సంతకం ఒక్కటే మిగిలింది. పక్కన స్టూలు వేయించి ఇంకొకర్ని ఇస్తాను, టైపింగుకి. మీరు మాత్రం రెండు కిటికీలు దాటకండి.”

కొట్టావిడ ఎవరూ అడక్కుండానే అందరికీ ఇంకో విడత టీ పోసింది. ఫిట్టర్ బావ భుజం మీద చెయ్యి వేశాడు. మీటర్ రీడర్‌కి వెంటనే అక్కకి ఫోను చెయ్యాలనిపించింది, కానీ బావ పెదాలు కదులుతుండటం చూసి ఆగాడు.

“అది సరే మేడమ్,” అన్నాడు బావ గొంతు సవరించుకుంటూ. “నలభై ఒకటే అనుకుందాం. పరిగెత్తాననే అనుకుందాం. తిరిగొచ్చి కూర్చున్నాక ఆ కిటికీలన్నీ నా ఒక్క మాటకి మూసుకున్నాయా లేదా? అది మాత్రం కళ్ళారా చూశాను.”

“మీరు తిరిగొచ్చాక మొదట ఎగ్జిట్ అని రాశారు,” అంది ఇంజనీరమ్మ వేళ్ళు మడుస్తూ. “ఏ కిటికీలో ఉన్నారో చూసుకోలేదు, అది వేరే ప్రోగ్రామ్‌లో పడింది. తర్వాత క్విట్ అని రాశారు. స్టాప్. బంద్. ఆపు. చాలు. ఇంక చాలు. తల్లీ చాలు. పెళ్ళాం బిడ్డలు గలవాణ్ణి. చివరికి ప్లీజ్ అని రాశారు.”

“ఆ. ప్లీజ్. మూసుకున్నాయా?”

“నేను మూశాను ఆపరేటర్ గారూ. అక్కణ్ణుంచి, ఒకటొకటిగా. నలభై ఒకటీ. చూడలేకపోయాను.”

ఫిట్టర్ ఇంక ఆపుకోలేకపోయాడు. కొట్టావిడ టీ వడకట్టే జాలీ చేత్తో పట్టుకుని నవ్వుతూనే ఉంది. మీటర్ రీడర్ కూడా నవ్వేశాడు. పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరంతా ఆ నవ్వులో బయటికొచ్చేసింది. బావ మాత్రం నవ్వలేదు. గ్లాసు అంచు మీద ఈగని తోలి, దీక్షగా ఆలోచించాడు.

“నేను ప్లీజ్ అని రాశాకే కదా మేడమ్ మూశారు?”

“అవును.”

“రాయకముందు మూయలేదుగా?”

“లేదు.”

“మరింకేం,” అన్నాడు బావ, కాలు మళ్ళీ మడిచి బల్ల మీద పెట్టుకుంటూ. “మాట విన్నట్టేగా.”